ఒకే సున్నాలో రెండు ముఖాలు

"ఫోటో పంపితెనే ఫ్లెక్సీ పడతది వదినా. మాపటికి మిషన్ ఖాళీ ఉండది," అని షాపతను అంటున్న మాట గోడ ఇవతలికి కూడా వినబడింది. మమతారాణి ఫోన్ ఎప్పుడూ స్పీకర్ మీదే ఉంటుంది.

"పంపుత తమ్మీ, జర ఆగు. ఎక్కడ పోయినయో దొరుకుతలేవు."

మహేశ్వరి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

నిన్న మధ్యాహ్నం పిల్ల పడుకున్నప్పుడు మమత చిన్నప్పటి ఆ ఫోటోలన్నీ ఏరి ఏరి తీసేసింది తను. కానీ తీసింది తన ఫోన్లోంచి. తోడికోడలు ఫోన్ ముట్టుకోనైనా లేదు. రోజుకు పదిసార్లు ఆ ముఖం తన కళ్లముందు పడుతుంటే చూడలేక, తన వరకు తీసేసుకుంది. అంతే.

మరి గోడ అవతల ఎట్లా పోతాయి?

పాలు పొంగి స్టౌ ఆరిపోయింది. గ్యాసు వాసన వచ్చాక గాని ఆమెకు తెలివి రాలేదు.

మంచం మీద పడి ఉన్న ఫోన్ తీసి చూసింది. తీసేసినవి లేవు. భర్త సంపత్ ఇంట్లోనే వదిలేసిన పాత ఫోన్ ఒకటి ఉంటుంది, పిల్లకు బొమ్మలు పెట్టేది. అందులో చూసింది. అందులోనూ లేవు.

కడుపులో ఐదో నెల బిడ్డ ఒక్కసారి కదిలినట్టయింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకొని మంచం పట్టె మీద కూర్చుంది.

అవతల మమత గొంతు పెరిగింది. "ఏమయ్యా, నీ ఫోన్ల ఉన్నయా?"

"లేవే. మొత్తం చూసిన," అన్నాడు ఆమె భర్త కుమారస్వామి.

"మొత్తమంటే? సున్నాల చూసినవా?"

"చూసిన. భవ్య ఒక్కతే ఉన్నది."

ఆ సున్నా దగ్గరే అసలు గొడవ మొదలైంది. ఫోన్ తనంతట తానే మనుషుల ముఖాలు గుర్తుపట్టి, ఒక్కొక్కరిని ఒక్కో సున్నాలో పెడుతుంది. స్టూడియోలో మమత చిన్నప్పటి ఫోటోలు ఫోన్‌కు ఎక్కించిన రోజున అది నాలుగేళ్ల మమతను, నాలుగేళ్ల భవ్యశ్రీని కలిపి ఒకే సున్నాలో పెట్టింది. ఇద్దరూ ఒకరే అనుకుంది. మమత ఆ ఫోన్ పట్టుకొని వాడకట్టంతా తిరిగింది. "చూడుండ్రి, నేను జెప్తలే, ఫోనే జెప్తంది, ఇది నా బిడ్డని."

పోలిక ఉండడంలో వింతేమీ లేదు. మమత, అత్త శంకరవ్వకు సొంత మేనకోడలు. అన్న కూతుర్నే పెద్దకొడుక్కు చేసుకుంది శంకరవ్వ. చిన్నకొడుకు సంపత్ బిడ్డ భవ్యకు నాయనమ్మ ముక్కు, నాయనమ్మ గడ్డం వచ్చాయి. అవే మమతకూ ఉన్నాయి. ఈ లెక్క మహేశ్వరికీ తెలుసు. తెలిసినా మంట చల్లారలేదు.

పుట్టినిల్లు భైంసాలో తన చిన్నప్పటి ఫోటో ఒక్కటున్నా తెచ్చి పక్కన పెట్టేది. ఉన్నదల్లా తొమ్మిదో తరగతి బస్‌పాస్ మీది ఫోటో. అందులో ముద్ర ముఖం మీదే పడింది. ఆ మరుసటేడు బడే ఆగిపోయింది. అంతకుముందు తన ముఖం ఎట్లా ఉండేదో తనకే తెలియదు. తన బిడ్డలో తనెక్కడుందో ఎవరికి చూపించాలి, ఏం పెట్టి చూపించాలి?

ఆదివారం ధర్మపురి నుంచి మమత తరఫు పెద్దలు వస్తున్నారు. పిల్లల్లేని మమత ఒళ్లో భవ్యను కూర్చోబెట్టి, అందరి ఎదుట దత్తత ఇచ్చేసినట్టు చెప్పించాలని శంకరవ్వ పట్టు. గేటుకు ఫ్లెక్సీ. ఒక పక్క భవ్య, ఒక పక్క చిన్నప్పటి మమత, కింద "తల్లీబిడ్డలు" అని పెద్ద అక్షరాలు.

ఆ అక్షరాలు ఎట్లా ఉంటాయో ఫ్లెక్సీ షాపువాడు నమూనా పంపాడు. అది చూసిన మధ్యాహ్నమే మహేశ్వరి చేతులు ఊరుకోలేదు.

*

రెండు పోర్షన్లకు వాకిలి ఒక్కటే. నల్లా దగ్గర గద్దె మీద కూర్చొని శంకరవ్వ అనపకాయలు ఒలుస్తోంది. మహేశ్వరి బకెట్ నెపంతో బయటికొచ్చింది. లోపల కూర్చుంటే అనుమానం వస్తుందేమోనని భయం.

"స్టూడియో ఆయనకు ఫోన్ చేసిన," అన్నాడు కుమారస్వామి చెప్పులు వేసుకుంటూ. "పని అయినంక వాళ్లు ఉంచుకోరట. కంప్యూటర్ల జాగ చాలదట. నేరుగ మన మెయిల్‌కే ఎక్కిచ్చిన అంటుండు."

"పోనీ తియ్యి. అసలు స్లైడ్లున్నయి గదా," అంది మమత. "డబ్బా తీస్కపోయి మళ్ల చేపియ్యి. ఎన్ని పైసలైతే అన్నైతయి."

ఆ మాటకు మహేశ్వరికి ప్రాణం లేచొచ్చింది. అవును, స్లైడ్లున్నాయి. అట్ట చట్రాల్లో బిగించిన చిన్న చిన్న ఫిలిం ముక్కలు. వాటిని మళ్లీ మిషన్లో పెడితే సరి. ఎవరు తీసిందీ ఎవరూ అడగరు.

"అత్తా, డబ్బా ఎక్కడ వెట్టినవ్?"

శంకరవ్వ చేతిలో కాయ ఆగింది. "ఏ డబ్బా?"

"మా బాపు డబ్బానే. రేకుది."

"గోదాట్ల ఇడిసిన గదనే."

నల్లా కింద బకెట్ నిండి నీళ్లు వాకిట్లోకి పారుతున్నాయి.

"మొన్న ధర్మపురి పోయినప్పుడు," అంది శంకరవ్వ. "దేవునివి పలిగిన పటాలు రెండుండె. వాటితోని గూడ ఇడిసిన. ఫోన్లకెక్కినయి, ఇంక ఫికర్ లేదంటిరి. బూజుపట్టి కంపు గొడుతున్నయి. సచ్చినోళ్ల మొఖాలు చెత్తబండిల వేస్తరా ఎవరన్న? మా అన్న మొఖం, వదినె ఐలవ్వ మొఖం. పసుపు కుంకుమ జల్లి, దండం బెట్టి ఇడిసిన. ఏం తప్పు జేసిన?"

తప్పని ఎవరనగలరు? ఆ ఇంట్లో పగిలిన దేవుడి పటమైనా, పోయినవాళ్ల ఫ్రేమైనా చేరేది గోదావరికే. శంకరవ్వ మామ పటం కూడా చెదలు పట్టినప్పుడు అట్లాగే పోయింది.

"అడుగుతే అయిపోతుండె గదా అవ్వా," అన్నాడు కుమారస్వామి.

"ఎవర్నడగాలె? మీరు ఫోన్లకెల్లి తల లేపితె గదా."

మమత ఇద్దరినీ చూడలేదు. మెట్టు మీద కూర్చుంది. అరుస్తుందనుకున్నారు. అరవలేదు.

"మా అవ్వ మొఖం ఆ స్లైడ్లల్లనే ఉండె అత్తా," అంది, ఎవరితోనో మామూలు మాట చెబుతున్నట్టు. "ఇంకెక్కడ లేదు."

మహేశ్వరి నల్లా కట్టేసింది.

మమత తండ్రి అంతయ్య ఆరోగ్యశాఖలో పనిచేసేవాడు. ఆదిలాబాద్ ఊళ్లు తిరిగి, చీకటి పడ్డాక బడి గోడ మీద స్లైడ్లేసి, పిల్లలు ఇద్దరు చాలని చెప్పేవాడు. మిగిలిన రీలుతో ఎప్పుడన్నా భార్యను, బిడ్డను తీసేవాడు. ఐలవ్వ, మమతకు నాలుగేళ్లు నిండగానే పోయింది. ఆ తర్వాత అంతయ్య ఆ డబ్బా తెరవలేదు. ఆయనా పోయాక, గోడ మీద వేసి చూసే మిషనే దొరక్క అది అటక మీదే ఉండిపోయింది. మమత తల్లి ముఖం సరిగ్గా చూసింది ఈ మధ్యనే, ఫోన్లో.

ఇదంతా మహేశ్వరికీ తెలుసు. తీసేస్తున్నప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. నీలం చీర కట్టుకున్న ఒకావిడ పిల్లకు జడలు వేస్తున్న ఫోటో లీలగా కళ్లలో ఉంది. తను ఆ పిల్లనే చూసింది. తల్లిని చూడలేదు.

జాలేసింది. నిజంగానే వేసింది. కానీ ఆ జాలి పక్కనే మరో మాట కూడా వచ్చి కూర్చుంది. ఇంక ఫ్లెక్సీ పడదు.

*

మమత కాసేపటికి ఇవతలి పోర్షన్‌కు వచ్చింది. గడపలోనే నిలబడింది.

"నీ ఫోన్ల చూడు మహేశ్వరీ."

"చూసినక్కా. లేవు."

"ఎప్పుడు చూసినవ్? నేనిప్పుడే గదా అడుగుతున్న."

"నువ్వు అవుతల మాట్లాడుతుంటే వినవడ్డది. అందుకే చూసిన."

"నా మాటలు మంచిగనే వింటవ్." మమత లోపలికొచ్చి మంచం మీద కూర్చుంది. చేతిలో ఫోన్ వెలుగుతోంది. తెర మీద భవ్య, ధర్మపురిలో పుట్టువెంట్రుకలు తీయించిన రోజుది. గుండు మీద గంధం, నవ్వుతున్న ముఖం. అంచున పిల్ల నడుము పట్టుకున్న చెయ్యి ఒక్కటి, ఆకుపచ్చ గాజులతో. మమత ఆ చేతిని చూసుకొని మురిసిపోవడం మహేశ్వరి చాలాసార్లు చూసింది. చూసి అటు తిరిగేది.

"నీకు పోయిందేం లేదు గదా," అంది మమత. "మీ భైంసల ఇసొంటియి దాసుకునే రివాజు లేదాయె. నీకేం తెలుస్తది ఈ బాధ."

"మా అవ్వ పత్తి ఏరవోయేది అక్కా. ఫోటోలు దింపెతందుకు మాకు ఆరోగ్యశాఖ బాపు లేకుండె."

"గందుకే అంటున్న."

"నేను గూడ గందుకే అంటున్న."

మమత తల తిప్పి చూసింది. మహేశ్వరి ఇంత మాట అనడం ఆమె ఎన్నడూ వినలేదు.

"నేనేమన్న గుంజుకపోతున్ననా మహేశ్వరీ? గోడ అవుతల్నే గదా ఉండేది. పొద్దుగాల్ల లేస్తె నీ కండ్లముందటే."

"గోడ అవుతల్నే ఉండేదానికి ఇచ్చుడెందుకు, తీసుకునుడెందుకు? ఇప్పుడు గూడ అక్కడ తింటది, అక్కడ పంటది. నేను వద్దన్ననా?"

"పేరు గావాలె నాకు. అవ్వా అని పిలిపిచ్చుకోవాలె."

"మరి నన్నేమని పిలుస్తది?"

మమత చూపు మహేశ్వరి పొట్ట మీదికి వెళ్లి అక్కడే నిలిచింది. "నీకింకొకళ్లు వస్తుండ్రు," అంది మెల్లగా. "నాకెవరొస్తరు?"

బయటి నుంచి భవ్య పరుగెత్తుకొచ్చింది. జుట్టంతా విడిపోయి ఉంది. పొద్దున్నే రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టి పంపింది మమత. మహేశ్వరి తల దువ్వే వంకతో విప్పేసింది. స్లైడులో చిన్నప్పటి మమతకూ అవే జడలు, అవే రిబ్బన్లు మరి.

"పెద్దమ్మా, ఏడ్సినవా?" భవ్య ఎక్కి మమత ఒళ్లో కూర్చొని రెండు అరచేతులతో ఆమె బుగ్గలు తుడిచింది.

"లేదు బిడ్డా. కంట్ల నలుసు పడ్డది."

"మమ్మీ, పెద్దమ్మ కంట్ల ఊదు."

మహేశ్వరి కదల్లేదు. మమతా కదల్లేదు. పిల్లే బుగ్గలు పూరించి ఉఫ్‌మని ఊదింది.

"నీ జడలెవరు విప్పిండ్రే?" అంది మమత, మహేశ్వరి వైపు చూడకుండా.

"మమ్మీ."

"పా, మళ్ల ఏస్త. అనపకాయ గుగ్గిళ్లు గూడ పెడత."

పిల్ల చంకనెక్కి వెళ్లిపోయింది. గడప దాటేటప్పుడు వెనక్కి చూస్తుందేమోనని మహేశ్వరి చూసింది. గుగ్గిళ్లన్నాక ఎవరు చూస్తారు?

*

సంపత్ ఫస్టు షిఫ్టు దిగి వచ్చేసరికి పొద్దు వాలింది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కాంట్రాక్టు డంపరు నడుపుతాడు. కనురెప్పల మీద కూడా బొగ్గుపొడే. వాకిట్లో అన్న ద్వారా సంగతంతా విని లోపలికొచ్చాడు. మహేశ్వరి మంచినీళ్లిస్తే తాగకుండా కిటికీలో పెట్టాడు.

"నువ్వు తీసినవా?"

ఆమె గిన్నెలు సర్దుతూ నిలబడింది.

"మహేశ్వరీ, నిన్నే అడుగుతున్న."

"నా ఫోన్ల తీసుకున్న. వాళ్ల ఫోన్ నేను ముట్టలే."

సంపత్ తల పట్టుకున్నాడు. "అన్ని ఫోన్లల్ల నా మెయిలే ఉన్నది. సెల్ షాపాయన ఇంట్ల అందరికి ఒక్కటే చాలని ఏసిచ్చిండు, యాదికి లేదా? ఒక్క దాంట్ల తీస్తే అన్నిట్ల పోతయి."

ఫోన్లోకి ఫోటోలు వాటంతట అవే వచ్చినప్పుడు, సంపతే పంపాడనుకుంది ఆమె. పోయేటప్పుడూ అట్లాగే పోతాయని ఎవరు చెప్పారు?

"నాకు తెల్వది," అంది.

"తెల్వకనా, తెలిసి తీసినవా?"

"అందరియి పోతయని తెల్వది. తీసింది మాత్రం తెలిసే తీసిన."

"వదినె ఫోటో తీస్తే పిల్ల మొఖం మారుతదా?"

"మారది. ఫ్లెక్సీ పడది గదా."

సంపత్ ఆమె ముఖంలోకి చూశాడు. పెళ్లయినప్పటి నుంచి లొల్లి అంటే పక్కకు తప్పుకునే మనిషి అతను.

"నోరిప్పి వద్దని చెప్పొచ్చు గదా," అన్నాడు.

"ఎవరికి చెప్పాలె? నీకు చెప్పిన. నువ్వేమన్నవ్? అన్న నాకు బాపు లెక్క, ఎట్ల కాదంటనన్నవ్. అత్తమ్మకు చెప్పిన. ఇంకొకటి కంటున్నవ్ గదా అన్నది. నీ బిడ్డను ఇయ్యనని నువ్వనాలె. నువ్వంటలేవు. ఇగ నేను ఏం జెయ్యాలె? ఫోటోలే దొరికినయి నాకు."

అతను కిటికీలోని నీళ్లు తీసుకొని ఒక్క గుక్కలో తాగాడు.

"ఐలవ్వ అత్త మొఖం గూడ అండ్లనే ఉండె," అన్నాడు చివరికి.

"తెలుసు." ఆమెకు ఏడుపొచ్చింది. "తీసినంక యాదికొచ్చింది."

"తీసినయి వెంటనే పోవు. ట్రాష్ అని ఉంటది, కొన్నాళ్లు దాంట్ల పడి ఉంటయి. కింద గీతలు మూడు ఉంటయి చూడు, అండ్ల కెల్లి పో. అన్ని వెనుకకు తే. తెచ్చి, వదినె ముందట నిలవడి నేనే తీసిన అని చెప్పు."

"మరి ఆదివారం?"

తువ్వాలు భుజాన వేసుకొని బయటికి నడిచాడు. "స్నానం జేసొస్త," అన్నాడు. ఆదివారం గురించి అప్పుడూ ఏమీ అనలేదు.

*

గీతలు నొక్కింది. ట్రాష్ తెరుచుకుంది.

పైనే ఉన్నాయి అన్నీ. బూజు మరకల మధ్య నుంచి ఐలవ్వ చూస్తోంది. నీలం చీర, నుదుటిన పెద్ద బొట్టు, పళ్ల మధ్య పట్టుకున్న ఎర్ర రిబ్బను. రెండు చేతులూ పిల్ల జడలో ఉన్నాయి. నిండా పాతికేళ్లు ఉండవు. తన ఈడుదే.

మహేశ్వరి ఈసారి తల్లినే చూసింది. ఆ వేళ్లు జుట్టును ఎట్లా పట్టుకున్నాయో చూసింది. పొద్దున మమత భవ్య జడలు వేసేటప్పుడు కూడా రిబ్బను పళ్ల మధ్యే పట్టుకుంటుంది. ఎవరు నేర్పారో ఆమెకు తెలిసి ఉండదు.

ఇవ్వాల్సిందే అనుకుంది. ఏమైనా కానీ. ఒక్కొక్కదాని మీద వేలు పెట్టి గుర్తు పెట్టడం మొదలుపెట్టింది. అంతయ్య సైకిలు దగ్గర నిలబడ్డది. మమత పాలపళ్లతో నవ్వుతున్నది. మమత ఏడుస్తున్నది.

స్లైడ్లు అయిపోయాయి. కింద ఇంకా ఉన్నాయి.

ఇవి తను తీసేసినవి కావు.

దవాఖాన మంచం మీద తను, పక్కన గుడ్డలో చుట్టిన భవ్య. పురుడు రోజున పసుపు చీరలో తను, ఒళ్లో భవ్య. మొదటి పుట్టినరోజు కేకు ముందు భవ్య చెయ్యి పట్టుకున్న తను. భవ్యకు జ్వరమొచ్చినప్పుడు భుజాన వేసుకొని తిప్పుతూ తను, తనకు తెలియకుండా సంపత్ తీసిన ఫోటో. ఇవెప్పుడు పోయాయి? వేల ఫోటోల్లో లేనివి ఎవరు వెతుకుతారు?

భవ్య ఒక్కతే ఉన్నది ఒక్కటీ లేదు. ప్రతిదాంట్లో తనుంది.

ఆమె వేలు కిందికి జరుపుతూ పోయి, ఒక దగ్గర ఆగింది.

ధర్మపురి. గుండు మీద గంధం, నవ్వుతున్న భవ్య. నడుము పట్టుకున్న చెయ్యి, ఆకుపచ్చ గాజులు. కానీ ఇందులో ఆ చెయ్యి దగ్గర ఫోటో ఆగిపోలేదు. చెయ్యి వెంట భుజముంది. భుజం మీద ముఖముంది. ఎండకు కళ్లు చికిలించి, పిల్లను చూసి నవ్వుతున్న ముఖం.

అది తనే.

మమత ఫోన్ తెర మీద రోజూ వెలుగుతున్నది తన చెయ్యే. మిగతా మనిషిని కత్తిరించేసి, అసలుదాన్ని ఇక్కడ పారేసింది.

మహేశ్వరికి వెంటనే కోపం రాలేదు. ముందు ఒక విచిత్రమైన చుట్టరికం అనిపించింది. ఆమె కూడా తన ఫోన్లోంచే తీసుకుంటున్నాననుకొని ఉంటుంది. ఆమె కూడా మధ్యాహ్నమే, ఒంటరిగా, ఏరి ఏరి తీసి ఉంటుంది. చూడలేక.

కోపం ఆ తర్వాత వచ్చింది. వచ్చి పోలేదు.

రెండు దారులున్నాయి. మమతవి మాత్రమే వెనక్కి తెచ్చి, తనవి చూడనట్టు ఊరుకోవచ్చు. తనవి తెచ్చుకొని ఆమెవి ఇక్కడే కుళ్లిపోనీయొచ్చు. గోడ అవతల నుంచి మమత ఏడుపు సన్నగా వినబడుతూనే ఉంది, నడుమ నడుమ భవ్య ఏదో అడుగుతున్న మాట.

మహేశ్వరి అన్నిటి మీదా గుర్తు పెట్టింది. ఐలవ్వ మీద, అంతయ్య మీద, చిన్నప్పటి మమత మీద, తన మీద. ఒక్కటీ వదల్లేదు. కళ్లు మూసుకొని రిస్టోర్ నొక్కింది.

తెర ఖాళీ అయింది.

కాసేపటికి అవతల ఏడుపు ఆగింది.

"అత్తా, వచ్చినయి. మా అవ్వ వచ్చింది," అని మమత గొంతు. సంబురం, వణుకు కలిసి ఉన్నాయి. "జూడు భవ్యా, జూడు బిడ్డా."

మహేశ్వరి లేచి నిలబడింది. వెళ్లి చెప్పాలి. తన తప్పు చెప్పాలి, తర్వాత ఆమెది అడగాలి. చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

అవతల భవ్య గొంతు ముద్దుగా వినిపించింది. "పెద్దమ్మా, ఇగో మమ్మీ. ఇండ్ల గూడ మమ్మీ. ఇగో గాజులు, మమ్మీయి."

అవతల తలుపు రెక్క దగ్గరకు పడింది.

మహేశ్వరి వాకిట్లోకి వచ్చింది. నల్లా దగ్గర సంపత్ తలకు సబ్బు పట్టించుకొని కళ్లు మూసుకొని ఉన్నాడు. శంకరవ్వ గద్దె మీద అనపకాయ తొక్కలు పోగుచేస్తోంది. అవతలి పోర్షన్ తలుపు దగ్గరగా వేసి ఉంది. సందులోంచి ఎర్ర రిబ్బను ఒకటి కనబడింది, సగం కట్టిన జడకు వేలాడుతూ.

"అక్కా," అంది మహేశ్వరి.

రిబ్బను లోపలికి జరిగింది. తలుపు మూసుకుంది. భవ్యను లోపలే ఉంచుకొని, మమత గడియ పెట్టిన చప్పుడు వాకిలంతా వినబడింది.